ఫ్లోరెన్సులో చేతిపనివారి అంగళ్లు కాక, పనిశాలలు చూడాలంటే ఎలా?

ప్రశ్న: కొలిమిగట్టు (నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మా స్వగ్రామం సారవకోట మండలంలోని బుడితి. మా తాతగారు కంచు, ఇత్తడి పోతపోసి, సుత్తితో సాగదీసి, పెళ్లి సారెకు కావలసిన బిందెలు, గంగాళాలు, చెంబులు చేసేవారు. మా నాన్నగారి కాలానికి స్టీలు, ఆ వెనుక ప్లాస్టిక్ వచ్చి కొత్త సామాను గిరాకీని తినేశాయి. అయినా ఇల్లు గడిచిందంటే, ఊరూరా తిరిగి చిల్లుపడిన గిన్నెలకు మాట్లు వేయడం వల్లా, పండుగల ముందు కళాయి పూయడం వల్లా గడిచింది. నేను ఆ పని నేర్చుకోకుండా బడిపంతులునయ్యాను. తాతగారి చేతి ఇత్తడి చెంబు ఒకటి మాత్రం మా ఇంట్లో ఉంది. దాని అడుగున ఆయనే వేసిన మాటు అరచేతికి గరుకుగా తగులుతుంది.

మా అమ్మాయి ఇటలీలో పై చదువు ముగిస్తోంది. ఆగస్టు రెండో వారంలో మేమిద్దరం అక్కడికి వెళ్లి, నాలుగు రోజులు ఫ్లోరెన్సులో ఉండాలనుకుంటున్నాము. అక్కడి చిత్రశాలలు, చర్చిలు ఎలా చూడాలో చెప్పేవారికి కొదవ లేదు. నేను చూడాలనుకుంటున్నది వేరు. వందల ఏళ్లుగా తోలు, కంచు, రాయి, కొయ్య, కాగితం, పట్టు పనులకు పేరుపడిన ఆ నగరంలో ఇప్పటికీ ఒక మనిషి బల్ల ముందు కూర్చుని పనిచేస్తుండగా దగ్గర నిలబడి చూడాలి. అమ్మకపు గదిలో పర్యాటకుల కోసం ఒక మూల కూర్చోబెట్టిన పనివాణ్ణి చూపించి పంపేసే చోట్లకు వెళ్లాలని లేదు. అలాంటి నిజమైన పనిశాలలు ఏ వీధుల్లో ఉన్నాయి, ముందుగా చెప్పకుండా లోపలికి వెళ్లవచ్చా, భాష రానివాడు ఏమి అడగవచ్చు అన్నది నా మొదటి సందేహం.

రెండోది కొంచెం పెద్దది. అంత ఖరీదైన నగరంలో, యంత్రాలు అంత ముందుగా వచ్చిన దేశంలో, ఆ పనిశాలలు ఇన్నాళ్లు ఎలా నిలిచాయి? బుడితి పనికి భౌగోళిక సూచిక గుర్తింపు (ఫలానా ఊరి పని అని చెప్పే ప్రభుత్వ ముద్ర) ఉంది, ప్రదర్శనల్లో దుకాణాలు పెట్టిస్తారు, పత్రికల్లో ఫొటోలు వస్తాయి, అయినా మా వీధిలో కొలిమి వెలిగే రోజులు తగ్గిపోతూనే ఉన్నాయి. అక్కడివారికి ఉన్నదేమిటి, మనకు లేనిదేమిటి అన్నది తెలిసినవారు చెబితే, అది కళ్లతో చూసే వీలు ఎక్కడుందో కూడా చెప్పగలరు.

జవాబు 1: బొబ్బిలి తంతి (బొబ్బిలి, విజయనగరం జిల్లా)

కొలిమిగట్టు గారికి నమస్కారం. పాత కొయ్య వస్తువుల సంరక్షణ నేర్చుకోవడానికి నేను ఫ్లోరెన్సులో రెండేళ్లు ఉన్నాను. కాబట్టి వీధుల విషయం కొంత ధైర్యంగానే చెప్పగలను.

మీరు వెళ్లవలసినది ఆర్నో నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న ఓల్ట్రార్నోకు. ఆ మాటకు అర్థమే ఆర్నోకు అవతల అని. 1549లో ఆ నగరాన్ని ఏలిన మెదిచీ వంశపు డ్యూకు భార్య ఎలియొనోరా అక్కడి పిత్తి భవనాన్ని కొన్నాక, రాజకుటుంబం వెనుకే పెద్దింటివారు కూడా ఆ ఒడ్డున మేడలు కట్టుకున్నారు. ఆ మేడలకు కుర్చీలు, పటాల చట్రాలు, తాళాలు, పరదాలు, బంగారు రేకు పూతలు కావాలి కనుక పనివారు పక్క సందుల్లో చేరారు. సాంతో స్పిరితో చర్చి చుట్టుపక్కల సందుల్లోనూ, దానికి పడమరగా ఉన్న సాన్ ఫ్రెదియానో పేటలోనూ ఉదయం పదిగంటల వేళ నడిస్తే, తెరిచిన తలుపుల్లోంచి రంపపు చప్పుడు, వార్నిష్ వాసన మీకే దారి చూపిస్తాయి. ఇటాలియన్ వారు పనిశాలను ‘బొత్తేగా’ అంటారు. ఆ మాటకు అంగడి అనే అర్థం కూడా ఉంది, ఎందుకంటే పాతకాలంలో పని జరిగేదీ, అమ్మకం జరిగేదీ ఆ ఒక్క గదిలోనే.

లోపలికి వెళ్లే ముందు గుమ్మం దగ్గర ఆగి ‘పెర్మెస్సో’ అనండి. లోపలికి రావచ్చా అని అర్థం. బదులు వచ్చాకే అడుగు పెట్టండి, ఫొటో తీసే ముందు చేత్తో సైగ చేసి అడగండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు, మూడున్నర వరకు చాలా తలుపులు మూసి ఉంటాయి. అది మన ఊళ్లలో కూడా తెలియని అలవాటేమీ కాదు. ఇక మీ ప్రయాణపు తేదీల్లోనే పెద్ద చిక్కు ఉంది. ఆగస్టు 15 వారికి పెద్ద పండుగ, దానికి అటూ ఇటూ రెండు మూడు వారాలు పనివారు పనిశాలలు మూసేసి సముద్రానికో కొండలకో వెళ్లిపోతారు. మీరు ఆ వారంలో వెళితే అమ్మకపు దుకాణాలు తెరిచి ఉంటాయి, మీరు చూడాలనుకున్న బల్లలు మాత్రం ఖాళీగా ఉంటాయి. వీలుంటే సెప్టెంబరుకు జరుపుకోండి.

దగ్గరగా చూడవలసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చట్రాలకు బంగారు రేకు అంటించడం. కొయ్యపై సుద్దను జిగురుతో కలిపి పొరలు పొరలుగా పూసి, నున్నగా రుద్ది, దానిపై ఎర్రమట్టి పూత వేస్తారు. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చని బంగారు రేకును చేత్తో ముట్టుకోవడం కుదరదు. అందుకే పనివాడు ఉడుత వెంట్రుకలతో చేసిన వెడల్పాటి కుంచెను తన చెంపకు ఒకసారి రాసుకుంటాడు. చర్మంపై ఉండే కాస్త జిడ్డు కుంచెకు అంటి, రేకు దానికి అతుక్కుని లేస్తుంది. తడి చేసిన ఎర్రమట్టి దగ్గరకు తెచ్చేసరికి ఆ రేకు కుంచెను వదిలి, ఎవరో లాగినట్టు మట్టిపైకి దూకుతుంది. ఆరాక కుక్కపన్ను ఆకారంలో మలచిన అకీకు రాతితో రుద్దితే అప్పటిదాకా పసుపు కాగితంలా ఉన్నది బంగారమై మెరుస్తుంది. నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన మాట మధ్యలో కూడా అలవాటుగా కుంచెను చెంపకు రాసుకునేవాడు. సాయంత్రానికి ఆయన ఎడమ చెంప సన్నగా మెరుస్తూ ఉండేది.

మీ రెండో ప్రశ్నకు నాకు తోచిన జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఆ పెద్దాయన రెండేళ్లలో కొత్త చట్రాలు చేసినది తక్కువ. వచ్చేవన్నీ పాతవే: ఒక చర్చి నుంచి పురుగు తిన్న కొవ్వొత్తి స్తంభం, ఒక పాత హోటలు నుంచి మూల విరిగిన అద్దం, ఒక ముసలమ్మ ఇంటి నుంచి కాలు ఊడిన కుర్చీ. మీరు మాట్లు, కళాయి అన్నారే, అక్కడి పనిశాలల్లో సగం తిండి అదే. కాకపోతే దానికి వారు ‘రెస్తౌరో’ అని గౌరవమైన పేరు పెట్టారు, చదువు పెట్టారు, మంచి కూలి పెట్టారు. 1966 నవంబరు 4న ఆర్నో పొంగి కొన్నిచోట్ల 6 మీటర్లకు పైగా నీరు నిలిచినప్పుడు నేలమట్టపు పనిశాలలు చాలా మునిగాయి; పనిముట్లు, అచ్చులు, నమూనాలు బురదలో కలిసిపోయాయి. అయితే అదే వరద జాతీయ గ్రంథాలయంలోని పుస్తకాలను, చర్చిల్లోని చిత్రాలను, కొయ్య శిల్పాలను తడిపి పాడుచేసినందువల్ల బాగుచేసే పనికి దశాబ్దాల పాటు చేతులు కావలసి వచ్చాయి. నాగావళి పొంగితే ఏమవుతుందో ఎరిగిన వాళ్లం కనుక ఆ బురద ఎలాంటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ బాగుచేసే పనికి పెద్ద దిక్కు ‘ఒపిఫీచియో దెల్లె పియెత్రె దూరె’ అనే సంస్థ. దీన్ని 1588లో ఫెర్దినాందో మెదిచీ గట్టి రాళ్లను కోసి పొదిగే కార్ఖానాగా నెలకొల్పాడు. 1975లో ఇది ప్రభుత్వ సంరక్షణ సంస్థగా మారింది. దీని ప్రదర్శనశాల వియా దెల్యి అల్ఫానీ వీధిలో ఉంది, తప్పక చూడండి. రాతిని 3 మిల్లీమీటర్ల మందం పలకలుగా కోసి, కాగితపు నమూనా అంటించి, వంచిన చెస్ట్‌నట్ కొమ్మకు ఇనుప తీగ బిగించిన విల్లుతో, తడి రాపిడి పొడి చల్లుకుంటూ ముక్క ముక్క కోస్తారు. అంచును లోపలివైపుకు కొంచెం ఏటవాలుగా అరగదీస్తారు కనుక పైన రెండు రాళ్ల మధ్య వెంట్రుక కూడా దూరదు. ఆకులోని నీడ, పండు మీది ఎరుపు అన్నీ ఆ రాతిలో సహజంగా ఉన్న రంగులే. చేయి తిరిగినవాడి నేర్పంతా పలకలో ఏ ముక్కను ఏ కోణంలో తీసుకోవాలో ఎంచుకోవడంలో ఉంటుంది. మా గొల్లపల్లిలో వీణ చేసేవారు పనస దుంగను చూడగానే కుండ ఎటు వస్తుందో, దండి ఎటు వస్తుందో చెప్పినట్టే అనుకోండి.

వీణ మాట వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. పియానోను 1700 ప్రాంతంలో కనిపెట్టినది ఫ్లోరెన్సులోనే, మెదిచీ కొలువులో వాద్యాలు చూసుకున్న బార్తొలొమెయో క్రిస్తొఫొరి. అకాదెమియా చిత్రశాలకు అందరూ దావీదు శిల్పం కోసం వెళతారు. పక్క గదుల్లోనే ఆయన చేసిన వాద్యాలు, వయొలిన్ల తయారీకి పేరుపడ్డ స్ట్రాదివరి 1690లో చేసిన వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) ఉన్నాయి. ఆ గదుల్లో నేను చాలాసార్లు ఒంటరిగా నిలబడ్డాను.

తోలు విషయంలో జాగ్రత్త. నేను వెళ్లిన మొదటి నెలలోనే సంత వీధిలో ఒక బండి దగ్గర అచ్చమైన ఫ్లోరెన్సు తోలు అంటే నమ్మి నాన్నగారికి సంచి కొన్నాను. బొబ్బిలి చేరిన మొదటి వానకే అంచు చీలి, లోపల తోలు పొడిని జిగురుతో అతికించిన అట్ట బయటపడింది. తోలు పని చూడాలంటే సాంతా క్రోచే చర్చి వెనుకనున్న ‘స్కువోలా దెల్ కువోయో’కు వెళ్లండి. రెండో ప్రపంచయుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు ఒక పని నేర్పాలని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, తోలు వ్యాపారం చేసే రెండు కుటుంబాలు కలిసి 1950లో పెట్టిన బడి అది. అక్కడా అమ్మకం ఉంది, అయితే పనిచేసే బల్లలు నిజంగానే పనిచేస్తుంటాయి.

జవాబు 2: కోట వాకిలి (విజయనగరం)

బొబ్బిలి తంతి గారు చెప్పినది ఆసక్తితో చదివాను. చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక కొంత చేర్చాలనీ, ఒకచోట కొద్దిగా విభేదించాలనీ ఉంది.

ఆ నగరంలో చేతిపనివాడు ఎప్పుడూ ఒంటరివాడు కాడు. మధ్యయుగంలో అక్కడ 21 వృత్తి సంఘాలు ఉండేవి. వాటిని ‘ఆర్తి’ అనేవారు. ఉన్ని, పట్టు, వడ్డీ వ్యాపారం వంటి ఏడు పెద్ద సంఘాలు, కసాయివారు, కమ్మరులు, వడ్రంగులు, చెప్పులు కుట్టేవారు మొదలైన పద్నాలుగు చిన్న సంఘాలు. 1293 నాటి శాసనాల తరువాత ఏదో ఒక సంఘంలో సభ్యుడు కానివాడికి నగర పాలనలో పదవి లేదు. ఎవరు ఏ సంఘంలో ఉండాలన్నదానికి వారి లెక్క వారికుంది: రంగులు కొనేది మందుల అంగట్లో కనుక చిత్రకారులు వైద్యుల, మందులవాళ్ల సంఘంలో ఉండేవారు, కంసాలులు పట్టు సంఘంలో ఉండేవారు. నగరానికే గుర్తుగా నిలిచిన గోపురం కట్టిన బ్రూనెల్లెస్కి కూడా కంసాలిగా పట్టు సంఘం సభ్యుడే. తాపీ పనివారి సంఘానికి చందా కట్టలేదని 1434లో ఆ సంఘం వారు ఆయన్నే చెరసాలలో పెట్టించారు, గోపురం పని ఇంకా సాగుతుండగానే. ఆయన్ను విడిపించడానికి పెద్దలు కలుగజేసుకోవలసి వచ్చింది. సంఘం కట్టుబాటు ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సంఘం నాణ్యతను తనిఖీ చేసేది, శిష్యరికానికి ఏళ్లు నిర్ణయించేది, సభ్యుడి వితంతువుకు, అనాథలకు ఎంతోకొంత ఆదరువు చూపేది. అనాథ శిశువుల కోసం పట్టు సంఘం డబ్బు పెట్టి 1419లో కట్టించడం మొదలుపెట్టిన ఆశ్రమ భవనం ఇప్పటికీ ఉంది, దాని నమూనా గీసినది కూడా బ్రూనెల్లెస్కియే. ఈ సంఘాలను 1770లో గ్రాండ్ డ్యూకు పియెత్రో లియొపోల్దో రద్దు చేశాడు. అంటే పనివారు సంఘం నీడ లేకుండా బతకడం మొదలై రెండున్నర శతాబ్దాలు దాటింది. అందుచేత సంఘాల వల్లే అవి నేటికీ నిలిచాయని నేను అనను. అయితే పని కొలమానం అంటే ఏమిటో ఐదువందల ఏళ్లు ఊరంతటికీ అలవాటు చేసినది అవే. మంచి పనికీ నాసి పనికీ తేడా తెలిసిన కొనుగోలుదారును అవి తయారుచేశాయి. బాగుచేయించే గిరాకీ ఉండాలంటే ముందు ఆ వస్తువు బాగుచేయించదగినదని ఇంటివారు అనుకోవాలి కదా. తంతి గారితో నా విభేదం అంతవరకే.

పాలకుల చేయి కూడా తక్కువది కాదు. ఆర్నోపై 1345లో కట్టిన పొంతె వెక్కియో వంతెన మీద ఒకప్పుడు మాంసం కొట్లు ఉండేవి. వంతెన కొట్ల మీదుగా రాజకుటుంబం నడిచే మార్గం 1565లో కట్టారు. కింది నుంచి వచ్చే కంపు భరించలేక 1593లో ఫెర్దినాందో కసాయివారిని పంపించి కంసాలులకు ఆ కొట్లు ఇప్పించాడు. ఆ రోజు నుంచి నేటి వరకు అక్కడ నగల వర్తకమే. బొబ్బిలి సంస్థానం అండ లేకపోతే వీణ పని అంత ఎదిగేదా అని ఆలోచిస్తే, అండ ఇచ్చే చేయి తీసేసిన రోజున ఏమవుతుందన్నది కూడా మనకు తెలిసినదే.

రాతి పొదుగు పని గురించి ఒక మాట. దాన్ని చూడడానికి ఫ్లోరెన్సు దాకా వెళ్లలేనివారు ఢిల్లీ ఎర్రకోటలో చక్రవర్తి కూర్చునే మండపం వెనుక గోడను చూడవచ్చు. వీణ వంటి వాద్యం వాయిస్తూ జంతువులను మంత్రముగ్ధం చేసే ఆర్ఫియస్ అనే గ్రీకు పురాణ పురుషుడి పలక అక్కడ ఉంది. అది ఫ్లోరెన్సు పనివారి చేతిదే. తాజ్‌మహల్ పొదుగు పని అక్కడి నుంచి వచ్చిందా, మన దగ్గరే పెరిగిందా అని పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ వాదంలోకి దిగితే మాస్టారి ప్రయాణం పూర్తయి తిరిగి వచ్చేస్తారు.

జవాబు 3: ఏకుదారం (పొందూరు, శ్రీకాకుళం జిల్లా)

మాస్టారూ, నమస్కారమండీ. మాది నేత ఇల్లు. ఒక చేనేత బృందంతో కలిసి నేను కూడా ఆ నగరం చూసి వచ్చాను. మా వాళ్లు పట్టు చూడాలని పట్టుబట్టడంతో, ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుని, సాన్ ఫ్రెదియానో పేటలోని ‘ఆంతీకో సెతిఫీచియో ఫియొరెంతీనో’ అనే పట్టు నేత కార్ఖానాకు వెళ్లాము. కొన్ని పెద్ద కుటుంబాలు తమ మగ్గాలను ఒకచోట చేర్చగా 1786లో అది మొదలైంది. నిర్ణయించిన సమయానికి వెళ్లాలి, ఊరికే తలుపు తడితే తెరవరు.

అక్కడ పడుగు పోయడానికి వాడే చట్రం ఒకటుంది. మనిషికన్నా ఎత్తుగా, నిలువుగా, గుండ్రంగా తిరిగే కొయ్య చట్రం. లియొనార్దో ద వించీ గీసిన బొమ్మను బట్టి చేసినదట. అది ప్రదర్శనకు పెట్టినది కాదు, మేము వెళ్లిన రోజు దాని మీద పడుగు తయారవుతోంది. తిప్పుతున్న ఆవిడ దారం తెగగానే కళ్లతో వెతకకుండా వేళ్లతోనే కొస పట్టుకుని ముడివేసింది. మా అత్తగారు ఇంట్లో ముడివేసే తీరు సరిగ్గా అదే కనుక నాకు నవ్వొచ్చింది, ఆవిడ కూడా నన్ను చూసి నవ్వింది. అక్కడ నేసే ‘ఎర్మిసీనో’ అనే పల్చని పట్టుకు పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు వేస్తారు. గుడ్డ కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. మనం నెమలికంఠం అనేది ఆ కిటుకే. పెద్ద పరదాలకు నేసే బుటా పట్టు మాత్రం రోజంతా నేసినా కొద్ది సెంటీమీటర్లు మించి సాగదు.

కోట వాకిలి గారు కొనుగోలుదారు గురించి అన్నది నిజం, అయితే ఆ కొనుగోలుదారు ఎవరన్నది కూడా చూడాలి. ఆ గుడ్డ కొనేది పాత భవనాల పరదాలు ఎలా ఉండేవో అలాగే మళ్లీ నేయించే ప్రదర్శనశాలలు, ప్యాలెస్‌లు, పెద్ద హోటళ్లు, మహా సంపన్నులు. ఇలాంటివారు పదిమంది ఉంటే ఒక కార్ఖానా నిలుస్తుంది. పొందూరులో రాట్నం వడికే ఆడవాళ్లు ఇంటింటా ఉండాలంటే పదిమంది సంపన్నులు చాలరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి అరటి దొప్పలో దాచి, వంద నంబరు దాటిన సన్న నూలు తీసే పనికి ఎంత సమయం పడుతుందో ధర చూసి ఎవరికీ తెలియదు. ఒక పట్నపు దుకాణంలో పొందూరు అని చీటీ అంటించిన మిల్లు గుడ్డను నా చేతికే ఇచ్చి, “ఇది అసలైనదమ్మా” అన్నారు. నేను నేసేదాన్నని చెప్పాక ధర తగ్గించారు తప్ప చీటీ తీయలేదు.

భౌగోళిక సూచిక గురించి మాస్టారు బాధపడ్డారు. వైన్‌లకు, జున్నులకు ఐరోపాలో అలాంటి రక్షణ చాలాకాలంగా ఉన్నా, చేతిపనుల వస్తువులకు ఐరోపా సమాఖ్య అంతటికీ వర్తించే సూచిక చట్టం 2023లో వచ్చి, 2025 డిసెంబరు 1 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. మన చట్టం 1999 నాటిది. అంటే ఈ ఒక్క విషయంలో మనం ముందున్నాము, వాళ్లు మన వెనుక వచ్చారు. అయినా వాళ్ల బల్లలు నిలిచి మన కొలిములు ఆరుతున్నాయంటే చీటీకి ఉన్న బలం ఎంతో తెలుస్తూనే ఉంది.

అక్కడ అంతా పచ్చగా ఉందని కూడా అనుకోకండి. మేము మాట్లాడిన పనివారిలో సగం మంది అద్దెల గురించే చెప్పారు. నేల అంతస్తు పనిశాల ఖాళీ అయితే అందులో పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే గది వెలుస్తుంది. పాత నగరంలో అలాంటి కొత్త గదులను ఆపాలని నగర పాలకులు 2023లో నిర్ణయం తీసుకున్నారు. మాతో మాట్లాడిన చట్రాలు చేసే ఆయనకు శిష్యుడు లేడు; కొడుకు బ్యాంకులో ఉన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో దిగులూ ఉంది, కాస్త గర్వమూ ఉంది. మా ఇళ్లలో కూడా అంతే కదండీ.

కొలిమిగట్టు (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆగస్టు విషయం నాకు ఎవరూ చెప్పలేదు. బడికి సెలవు పెట్టడం కష్టమే అయినా, అమ్మాయితో మాట్లాడి సెప్టెంబరు చివరి వారానికి మార్చుకున్నాను.

మాటు గురించి తంతి గారు రాసినది చదివాక మా పెద్దనాన్నగారికి ఫోన్ చేశాను. బుడితిలో ఇప్పటికీ కొలిమి వెలిగించే ఇద్దరు ముగ్గురిలో ఆయనొకరు. ఏడాదిలో కొత్త సామాను ఎంత, మరమ్మతు ఎంత అని అడిగితే, ఈ మధ్య గుడి గంటలు, దీపస్తంభాలు బాగుచేయమని చుట్టుపక్కల దేవాలయాల వాళ్లు వస్తున్నారనీ, దానికి ఎంత అడగాలో తెలియక పాత మాటు కూలి లెక్కనే తీసుకుంటున్నాననీ చెప్పారు. పగిలిన గంటను కరిగించి మళ్లీ పోస్తే కొత్త గంట ధర ఇస్తారు, పగలకుండా కాపాడి ఇస్తే మాత్రం మాటు కూలి ఇస్తారు. కాపాడడానికే ఎక్కువ పని పడుతుంది. ఈ తిరకాసు నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

ఒక్క సందేహం మిగిలింది. కంచు పోతపోసే చోటు ఏదైనా చూడగలనా? మా ఇంట్లో మైనంతో నమూనా చేసి, మట్టి కప్పి, కాల్చి మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో లోహం పోసేవారు. అక్కడ కూడా అదే పద్ధతి అని విన్నాను. తాతగారి చెంబు వెంట తీసుకువెళ్లి చూపిస్తే నవ్వుతారేమోనన్న బిడియం కూడా ఉంది.

బొబ్బిలి తంతి

పద్ధతి అదే, మాస్టారూ. శిల్పి గిబెర్తి 15వ శతాబ్దంలో బాప్తిస్తరీ (పెద్ద చర్చి ఎదుట బాప్తిస్మం ఇచ్చే మందిరం) తలుపులు పోసినదీ ఆ మైనపు దారిలోనే. వాటిలో తూర్పు గుమ్మపు తలుపుల అసలు పలకలు కొన్ని 1966 వరదలో ఊడి పడ్డాయి; ఆ తలుపులను 27 ఏళ్లు బాగుచేసి 2012లో ప్రదర్శనశాలలో పెట్టారు, గుమ్మానికి ఇప్పుడున్నవి నకలు. ముందు నకలు చూసి, ఆ తరువాత పెద్ద చర్చి (కతెద్రాల్) ప్రదర్శనశాలలో అసలు చూడండి. బంగారు పూత కింద పోతలో పడిన చిన్న లోపాలను ఉలితో ఎలా సరిచేశారో దగ్గరగా కనిపిస్తుంది. పోత పనికి పొగ, వేడి, చోటు కావాలి కనుక పెద్ద కొలుములు నగరం బయటకు వెళ్లిపోయాయి. అమ్మాయి చేత ఇటాలియన్‌లో రెండు వాక్యాల ఉత్తరం రాయించి, లోహం పోసే రోజు ఏదో అడిగించండి. పోసే రోజు వారానికి ఒకటో రెండో ఉంటుంది, మిగతా రోజుల్లో మైనానికి గొట్టాలు అతికించడం, పోత అయ్యాక ఉలితో చెక్కడం చూడవచ్చు. నా దృష్టిలో ఆ చెక్కడమే చూడదగ్గది.

ఓల్ట్రార్నోలో ఇత్తడి దీపాలు, తలుపు పిడులు బాగుచేసే చిన్న పనిశాలలు కూడా ఉన్నాయి. చెంబు తీసుకురండి. నున్నగా మెరిసే చెంబు చూపిస్తే బాగుందని తల ఊపి పంపేస్తారు. మాటు ఉన్న చెంబు ఇస్తే బోర్లించి, వేలితో తడిమి, ఏ లోహంతో అతికారు, ఎంత వేడి మీద అని అడుగుతారు; దానికి జవాబు పెద్దనాన్నగారిని ముందే అడిగి రాసుకుని వెళ్లండి. తళతళలాడేలా చింతపండుతో తోమకండి, మాటు చుట్టూ ఉన్న నల్లటి మరకలోనే వాళ్లకు కావలసిన సమాచారం ఉంటుంది. విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి, కింద వేసే సామానులో పెడితే సొట్ట పడుతుంది.